ఎల్క్ పోతు కూత - ఒంటి గుండు తుపాకీ

సెప్టెంబరు నెలలో మన పల్లెల్లో వరిచేలు పచ్చగా ఊగుతూ ఉంటాయి. సరిగ్గా అదే సమయంలో, భూగోళానికి దాదాపు అవతలి వైపున ఉన్న అమెరికాలోని రాకీ పర్వతాలలో తెల్లవారుజామున ఒక వింత కూత వినిపిస్తుంది. అది బొంగురుగా మొదలై, సన్నని ఈలగా పైకి లేచి, చివరికి రెండు మూడు గుర్రింపులతో ఆగిపోతుంది. కిలోమీటరు దూరం నుంచి కూడా దానిని వినవచ్చు. ఆ కూత పెట్టేది ఎల్క్ అనే పెద్ద దుప్పి జాతి మగ జంతువు.

ఆ కూత కోసం చెవులు రిక్కించి కూర్చునే మనుషులు కూడా అక్కడ ఉంటారు. వారి చేతుల్లో ఉండేది నేటి తుపాకీ కాదు. గొట్టం మూతి నుంచి మందు పోసి, గుండు దించి, ఒక్కసారి మాత్రమే పేల్చగల పాతకాలపు పద్ధతి తుపాకీ. మన అడవి ప్రాంతాలలో ‘భర్మార్’ అని పిలిచే నాటు తుపాకీ ఈ జాతిదే.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి జంతువులను వేటాడటం నేరం. మరి పరాయి దేశపు వేట సంగతి మనకెందుకు అని మీరు అడగవచ్చు. ఆ వేటకు వెళ్లేవాడు సెప్టెంబరులో ఒక్క గుండు పేల్చడానికి ఏప్రిల్ నెలలోనే లెక్కలు మొదలు పెడతాడు. ఆ లెక్కల్లో జీవశాస్త్రం ఉంది, రసాయనశాస్త్రం ఉంది, భౌతికశాస్త్రం ఉంది, మీ భూగోళం పుస్తకంలోని పర్వత పవనాలు కూడా ఉన్నాయి. లెక్క తప్పితే ఒక మూగజీవి కాలు విరిగి, రోజుల తరబడి బాధపడి చస్తుంది. కాబట్టి ఆ లెక్కలేమిటో చూద్దాం.

ఎల్క్ అంటే ఏది?

ముందుగా పేరు దగ్గర ఒక చిక్కు ఉంది. ఐరోపాలో ‘ఎల్క్’ అంటే మూస్ అనే వేరే జంతువు. అమెరికాకు వలస వెళ్లిన ఆంగ్లేయులు అక్కడ కనిపించిన మరో పెద్ద దుప్పికి ఆ పేరు పెట్టేశారు. ఆ గడ్డ మీది షానీ తెగవారు దానిని ‘వాపిటి’ అనేవారు. తెల్లని పిరుదులు గలది అని అర్థం. శాస్త్రజ్ఞులు ఈ జంతువును సెర్వస్ కెనడెన్సిస్ అంటారు. మన కణుజుకూ, కశ్మీరులోని హంగుల్‌కూ ఇది బంధువే.

రాకీ పర్వతాలలో బాగా ఎదిగిన పోతు సుమారు 320 కిలోల బరువు ఉంటుంది. పెంటి సుమారు 225 కిలోలు. కొమ్ములు పోతుకే ఉంటాయి. ఆవు కొమ్ముకూ ఎల్క్ కొమ్ముకూ పెద్ద తేడా ఉంది. ఆవు కొమ్ము పైన మన గోరులాంటి పదార్థంతో తయారవుతుంది, జీవితాంతం ఉంటుంది. ఎల్క్ కొమ్ము అచ్చమైన ఎముక. ఏటా రాలిపోయి, ఏటా కొత్తగా మొలుస్తుంది. ఎండాకాలంలో అది రోజుకు రెండున్నర సెంటీమీటర్ల దాకా పెరగగలదు. క్షీరదాల శరీరంలో ఇంత త్వరగా పెరిగే ఎముక మరొకటి లేదు. పెద్ద పోతు తల మీది కొమ్ముల జత 18 కిలోల దాకా తూగవచ్చు. అంటే అది ఒక ఐదేళ్ల పిల్లవాణ్ణి తల మీద మోస్తూ తిరిగినట్టే!

పెరిగేటప్పుడు కొమ్ముపై మెత్తని నూగుచర్మం ఉంటుంది. దానిలోని రక్తనాళాలు ఎముకకు ఆహారం అందిస్తాయి. ఆగస్టులో ఎముక గట్టిపడి రక్తప్రసారం ఆగిపోతుంది. అప్పుడు పోతు చెట్లకు కొమ్ములు రాసి ఆ చర్మాన్ని చీల్చి పారేస్తుంది.

పగటి పొడవే పంచాంగం

చలికాలం రాబోతున్నదని పోతుకు ఎవరు చెబుతారు? ఎండ తగ్గటమా, చలి పెరగటమా? అవి ఏటికేడు మారుతూ ఉంటాయి, నమ్మదగినవి కావు. ఏటా తప్పకుండా ఒకే విధంగా మారేది పగటి పొడవు ఒక్కటే. జూన్ 21 తర్వాత ఉత్తరార్ధగోళంలో రాత్రులు పెరగటం మొదలవుతుంది. కన్ను ఈ మార్పును మెదడుకు అందిస్తుంది. మెదడులోని పీనియల్ గ్రంథి చీకటి వేళల్లో మెలటోనిన్ అనే హార్మోనును విడుదల చేస్తుంది. రాత్రి పొడవు పెరిగితే ఈ హార్మోను విడుదలయ్యే సమయమూ పెరుగుతుంది. దాని ప్రభావంతో పోతు రక్తంలో టెస్టోస్టెరాన్ ఎక్కువవుతుంది. మెడ లావెక్కుతుంది. అంతవరకు కలిసిమెలిసి మేసిన పోతులు ఒకదానినొకటి సహించలేవు. బురద గుంటల్లో మూత్రం పోసి, ఆ బురదలోనే పొర్లి ఒళ్లంతా వాసన పూసుకుంటాయి. ఇదే మదకాలం. సెప్టెంబరు మధ్యలో ఉధృతమై అక్టోబరు మొదటి భాగం వరకు సాగుతుంది.

ఈ రోజుల్లో బలమైన పోతు ఇరవై దాకా పెంటులను ఒక మందగా చేర్చుకుని, ఇతర పోతులు దగ్గరకు రాకుండా కాపలా కాస్తుంది. మేతకు కూడా తీరిక ఉండదు. మదకాలం ముగిసేసరికి శరీరం బరువులో ఐదో వంతు దాకా తగ్గిపోవచ్చు. అలా చిక్కిపోయిన పోతు మంచు కురిసే చలికాలాన్ని దాటాలి.

పెంటి సుమారు ఎనిమిదిన్నర నెలలు గర్భం మోస్తుంది. సెప్టెంబరులో జతకడితే మే నెలాఖరులో, జూన్ మొదట్లో పిల్ల పుడుతుంది. అప్పుడు కొండల మీద మంచు కరిగి లేత పచ్చిక మొలుస్తుంది. తల్లికి పాలు, పిల్లకు ఎదుగుదల రెండూ ఆ పచ్చిక మీదే ఆధారపడి ఉన్నాయి.

ఒకే గొంతు, రెండు ధ్వనులు

పెద్ద జంతువుల గొంతు బొంగురుగా ఉండటం సహజం. పొడవైన స్వరతంత్రులు నెమ్మదిగా కంపిస్తాయి, కాబట్టి ధ్వని మందంగా వస్తుంది. మరి గుర్రమంత ఎల్క్ పోతు పిల్లనగ్రోవిలాంటి ఈల ఎలా వేస్తుంది? 2016లో బ్రిటన్ శాస్త్రజ్ఞులు ప్రచురించిన పరిశోధన ఈ చిక్కు విప్పింది. పోతు ఒకే సమయంలో రెండు ధ్వనులు చేస్తుంది. స్వరతంత్రులు సెకనుకు సుమారు 150 సార్లు కంపించి గర్జన పుట్టిస్తాయి. అదే క్షణంలో గాలి ఇరుకు దారిలోంచి దూసుకుపోయి, మనం పెదవులతో ఈల వేసినట్టుగా, సెకనుకు 4000 కంపనాల దాకా చేరే ఈలను పుట్టిస్తుంది. ఈల దూరానికి చేరుతుంది. గర్జన దగ్గరి వారికి ‘ఇక్కడున్నది పెద్దవాడు’ అని చెబుతుంది.

వేటగాడికి ఈ కూత ఒక చిరునామా వంటిది. ఏడాది పొడవునా చిక్కని అడవిలో కనిపించకుండా తిరిగే జంతువు ఈ నాలుగు వారాలు తానెక్కడున్నదో తానే చాటుకుంటుంది. పెంటి చేసే సన్నని పిలుపును నోటితో అనుకరించి పోతును దగ్గరకు రప్పించే వేటగాళ్లు కూడా ఉన్నారు.

ఎన్ని చీటీలు ఇవ్వాలి?

అంత సులభంగా చిరునామా దొరికితే, దూరానికి గురిపెట్టే నేటి తుపాకులతో పోతులన్నింటినీ కాల్చేయరా? నిజంగానే ఒకప్పుడు అంత పనీ జరిగింది. మాంసం కోసం, చర్మం కోసం, దంతంలాంటి రెండు పైదవడ కోరల కోసం కూడా ఎల్క్‌లను చంపారు. తూర్పు అమెరికాలోని ఎల్క్ ఉపజాతి 19వ శతాబ్దం ముగియక ముందే అంతరించింది. 20వ శతాబ్దం మొదట్లో ఆ ఖండమంతటా లక్ష ఎల్క్‌లు కూడా మిగల్లేదు. అప్పుడు మేలుకొని చట్టాలు చేశారు. 1912లో వయోమింగ్ రాష్ట్రంలో ఎల్క్‌లకై ప్రత్యేక ఆశ్రయం ఏర్పడింది. 1937లో తుపాకుల మీద, తూటాల మీద 11 శాతం పన్నును వన్యప్రాణుల పోషణకే ఖర్చు చేయాలని చట్టం వచ్చింది. ఇప్పుడు ఉత్తర అమెరికాలో సుమారు పది లక్షల ఎల్క్‌లున్నాయి. వాటిలో కొలరాడో రాష్ట్రానిదే అతి పెద్ద వాటా.

కొలరాడోలో మూతి నుంచి నింపే తుపాకీతో వేటకు సెప్టెంబరు మధ్యలో సుమారు తొమ్మిది రోజులు కేటాయిస్తారు. నేటి తుపాకుల వేట మదకాలం ఉధృతి తగ్గాక, అక్టోబరులో మొదలవుతుంది. దగ్గరకు పోతే తప్ప పనిచేయని తుపాకీ గనుక దానిని మదకాలంలో అనుమతించినా నష్టం తక్కువని లెక్క. ఆ చీటీలు కూడా అడిగిన వారందరికీ ఇవ్వరు. వసంతకాలంలో దరఖాస్తులు తీసుకుని లాటరీ వేస్తారు. 1949 జనవరి 1న గాని ఆ తర్వాత గాని పుట్టినవారు ముందుగా వేట భద్రతా తరగతికి హాజరై ఉత్తీర్ణులు కావాలి. చాలా ప్రాంతాలలో ఒక కొమ్ముకైనా నాలుగు కొనలు లేదా అయిదంగుళాల నుదుటి కొన ఉన్న పోతునే కాల్చాలి. అంటే ఏడాది వయసు లేత పోతును వదిలేయాలి.

చీటీల సంఖ్యను ఎవరు నిర్ణయిస్తారు? చలికాలంలో మంచు మీద ఎల్క్‌లు స్పష్టంగా కనిపిస్తాయి. జీవశాస్త్రజ్ఞులు హెలికాప్టర్లలో తిరిగి, ప్రతి 100 పెంటులకు ఎన్ని పోతులు, ఎన్ని పిల్లలు ఉన్నాయో లెక్కిస్తారు. ‘ఒక పోతు ఇరవై పెంటులతో జతకట్టగలదు కదా, పోతులు తక్కువైతే నష్టమేమిటి?’ అని మీకు అనిపించవచ్చు. ఆరిగన్ రాష్ట్రంలోని స్టార్కీ ప్రయోగ అరణ్యంలో ఇదే ప్రశ్నకు జవాబు వెతికారు. అక్కడ జతకట్టే పోతులను ఏడాది వయసు నుంచి అయిదేళ్ల వయసు వరకు పెరగనిచ్చి చూశారు. పోతులు ముదిరిన కొద్దీ పెంటులు గర్భం దాల్చే సగటు తేదీ దాదాపు రెండు వారాలు ముందుకు జరిగింది!

దీని అర్థమేమిటి? పెద్ద పోతులు లేని అడవిలో పిల్లలు ఆలస్యంగా పుడతాయి. ఆలస్యంగా పుట్టిన పిల్లకు లేత పచ్చిక దొరికే రోజులు తక్కువ. అది మంచు పడేనాటికి తగినంత కొవ్వు పట్టదు. ఈ ఏడు కాల్చిన పోతు లెక్క వచ్చే ఏటి పిల్లల బరువులో కనిపిస్తుందన్నమాట. అందుకే చీటీల లెక్క అంత జాగ్రత్తగా వేస్తారు. చీటీ దొరికిన వారిలో ఎక్కువమంది ఉత్త చేతులతో తిరిగి వస్తారని కూడా ఆ లెక్కకు తెలుసు.

మూతి నుంచి మందు

ఇక తుపాకీ సంగతి. పాత తుపాకీమందులో ఉండేవి మూడు పదార్థాలు: సురేకారం, బొగ్గుపొడి, గంధకం. బొగ్గు, గంధకం మండేవి. అవి మండటానికి కావలసిన ఆక్సిజన్‌ను సురేకారం, అంటే పొటాషియం నైట్రేట్, ఇస్తుంది. అందుకే మూసిన గొట్టంలో బయటి గాలి అందకపోయినా మందు అంటుకుంటుంది. పుట్టిన వాయువులు గుండును ముందుకు నెడతాయి. అయితే కాలిన మందులో సగానికి పైగా బరువు వాయువుగా కాక ఘనపదార్థంగానే మిగులుతుంది. పేల్చగానే కమ్ముకునే తెల్లటి పొగ, గొట్టంలో పేరుకునే మసి అదే.

మొదట్లో ఈ మందును చెకుముకి రాయి నిప్పురవ్వతో అంటించేవారు. బయట పళ్లెంలోని కొద్ది మందు భగ్గుమని, ఆ తర్వాతే లోపలి మందు పేలేది. ఈ మెరుపును చూసి పక్షులు ఎగిరిపోతున్నాయని స్కాట్లాండులో అలెగ్జాండర్ ఫోర్సైత్ అనే మతబోధకుడు గమనించాడు. ఆయనకు వేట అంటే సరదా. దెబ్బ తగిలితే పేలే రసాయనాన్ని నిప్పురాయి స్థానంలో ఉపయోగించే పద్ధతికి 1807లో ఆయన పేటెంటు తీసుకున్నాడు. దీపావళికి మీరు కాల్చే తుపాకీ బిళ్ల కూడా ఇలా దెబ్బకు పేలేదే. నేటి వేటగాళ్లు వాడేవి ఎక్కువగా దీని వారసులే.

నింపటానికి ఒక వరుస ఉంది. కొలిచిన మందు ముందు, గుండు తర్వాత. గుండును పొడవైన కడ్డీతో అడుగుదాకా దించి మందుకు ఆనించాలి. రెండింటి మధ్య ఖాళీ మిగిలితే పేలినప్పుడు పీడనం ఒకచోట విపరీతంగా పెరిగి గొట్టమే పగలవచ్చు. అందుకే కడ్డీ మీద గీత గీసుకుంటారు. గీత గొట్టం మూతికి సమానంగా వస్తేనే గుండు చేరవలసిన చోటికి చేరినట్టు. దెబ్బకు పేలే టోపీని మాత్రం కాల్చబోయే ముందే పెడతారు. మందుకు తేమ తగిలితే మొదటికే మోసం. రెండో గుండు నింపాలంటే అలవాటైన చేతికైనా అర నిమిషం పడుతుంది. అంతలో ఎల్క్ అడవిలో మాయమవుతుంది.

(పిల్లలూ, ఈ వివరాలు సూత్రం తెలియటానికే. మందుగుండుతో ప్రయోగాలు ఎన్నడూ చేయకూడదు.)

గుండు ఎంత కిందికి పడుతుంది?

ఈ వేట ప్రణాళిక అంతటికీ గుండెకాయ ఈ లెక్క. గుండు గొట్టం వదలగానే భూమ్యాకర్షణ దానిని కిందికి లాగటం మొదలు పెడుతుంది. ఎంత పడుతుందో మీకు తెలిసిన సూత్రంతోనే కట్టవచ్చు: పడిన దూరం = ½ × 9.8 × కాలం × కాలం.

90 మీటర్ల దూరానికి గుండు సగటు వేగం సెకనుకు 450 మీటర్లు అనుకుందాం. పట్టే కాలం 0.2 సెకను. పడే దూరం ½ × 9.8 × 0.2 × 0.2 = 0.196 మీటరు, అంటే సుమారు 20 సెంటీమీటర్లు.

దూరం రెట్టింపు చేద్దాం, 180 మీటర్లు. గాలి నిరోధం వల్ల సగటు వేగం 400కు తగ్గిందనుకుందాం. కాలం 0.45 సెకను. పడే దూరం సుమారు 1 మీటరు. చూశారా, దూరం రెట్టింపైతే పడటం అయిదు రెట్లయింది!

తుపాకీని 90 మీటర్లకు సరిచేసుకున్నవాడు ఆ 20 సెంటీమీటర్లకు సరిపడా గొట్టాన్ని కొంచెం పైకెత్తినట్టే. ఆ ఎత్తు 180 మీటర్ల వద్ద 40 సెంటీమీటర్లవుతుంది. అయినా గుండు గురిపెట్టిన చోటికి 60 సెంటీమీటర్లు కిందుగా పోతుంది. ఎల్క్ గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు సుమారు 40 సెంటీమీటర్ల వెడల్పు గల పెద్ద పళ్లెమంత. దాని మధ్యకు గురిపెట్టినా గుండు పొట్ట కిందుగా పోవాలి, లేదా కాలికి తగలాలి.

అందుకే తెలివైన వేటగాడు ఎండాకాలమంతా మైదానంలో సాధన చేసి, తాను ఎంత దూరంలో తప్పకుండా ఆ పళ్లెంలో గుండు వేయగలడో తేల్చుకుంటాడు. అది 90 మీటర్లయితే 90. అరవై అయితే అరవై. ఆ హద్దును ఇంటి దగ్గరే నిర్ణయించుకోవాలి. ఎదురుగా పోతు నిలబడి కూస్తుంటే, గుండె దడదడలాడుతుంటే, కన్ను దూరాన్ని దగ్గరగా చూపిస్తుంది.

గాలి ఎటు వీస్తోంది?

90 మీటర్ల లోపుకు చేరటం మాటలు కాదు. ఎల్క్ చూపును, వినికిడిని ఎలాగో తప్పించుకోవచ్చు గాని ముక్కును తప్పించుకోలేం. ఇక్కడే మీ భూగోళం పాఠం పనికి వస్తుంది. రాత్రి కొండవాలు చల్లబడి, దానిని ఆనుకున్న గాలి బరువెక్కి లోయలోకి జారుతుంది. పొద్దెక్కాక వాలు వేడెక్కి గాలి పైకి పాకుతుంది. కాబట్టి తెల్లవారుజామున, సాయంత్రం ఎల్క్‌కు దిగువన ఉండాలి. పొద్దెక్కిన తర్వాత ఎగువన ఉండాలి. దిశ మారే ఆ కొద్ది సమయంలో కదలకుండా కూర్చోవటమే మేలు. చాలామంది చిన్న సీసాలో మెత్తని పొడి వెంట తీసుకెళ్లి, చిటికెడు వదిలి గాలి వాలు చూసుకుంటారు.

వేటగాడు వేసుకునే మెరిసే నారింజరంగు చొక్కా మాత్రం ఎల్క్‌ను బెదరగొట్టదు. మన కంటిలో రంగులు గుర్తించే కణాలు మూడు రకాలుంటే దుప్పి జాతి కంటిలో రెండు రకాలే ఉన్నాయి. నారింజరంగు వాటికి ఆకుల రంగులాగే తోస్తుంది. మన పులి నారింజరంగు దుప్పికి కొట్టొచ్చినట్టు కనిపించకపోవటానికి కారణం కూడా ఇదే. మనుషులకు మాత్రం ఆ చొక్కా దూరం నుంచే కనిపిస్తుంది. తోటి వేటగాడి గుండు తగలకుండా అది కాపాడుతుంది.

ఎత్తు మరో పరీక్ష. ఈ అడవులు చాలావరకు 2500 మీటర్లకు పైన ఉన్నాయి. తిరుమల కొండ ఎత్తు సుమారు 850 మీటర్లు. 3000 మీటర్ల వద్ద వాయుపీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో దాదాపు 70 శాతమే. కొత్తవారికి తలనొప్పి, ఆయాసం వస్తాయి. అందుకని రెండు రోజులు ముందే చేరి ఒంటిని అలవాటు చేసుకోవాలి.

పేల్చిన తర్వాత

గుండు సరిగా తగిలితే పని ముగిసినట్టు కాదు, మొదలైనట్టు. కొలరాడో చట్టం ప్రకారం తినదగిన మాంసాన్ని వృథా చేయకూడదు. పెద్ద పోతు నుంచి ఎముక తీసిన మాంసం సుమారు 100 కిలోలు వస్తుంది. సెప్టెంబరు మధ్యాహ్నాలు ఇంకా వెచ్చగానే ఉంటాయి. దట్టమైన బొచ్చు, కడుపులో పులుస్తున్న మేత లోపలి వేడిని పోనివ్వవు. ఆ వేడిలో బాక్టీరియా త్వరత్వరగా పెరుగుతాయి. వెంటనే చర్మం తీసి, ముక్కలు చేసి, నీడలో గాలి తగిలేలా వేలాడదీయాలి.

తర్వాత మోత. మనిషి ఒకసారికి 25 కిలోలు మోస్తే నాలుగు మోతలు. దారి 3 కిలోమీటర్ల దూరంలో ఉంటే బరువుతో నాలుగుసార్లు, ఖాళీగా మూడుసార్లు నడవాలి. మొత్తం 21 కిలోమీటర్లు! కనుక ఎంత లోపలికి వెళ్లాలన్నది కాళ్ల బలంతో కాక, మోయగల దూరంతో నిర్ణయించుకోవాలి.

మరో జాగ్రత్త కూడా ఉంది. 1967లో కొలరాడోలోని ఒక పరిశోధన కేంద్రంలో దుప్పులు చిక్కి శల్యమై చనిపోతుండగా గమనించారు. ప్రియాన్లనే వికృత ప్రోటీన్లు మెదడును పాడుచేసే వ్యాధి అది. ఎల్క్‌లకు కూడా సోకుతుంది. మనుషులకు సోకినట్టు రుజువు లేకపోయినా, వ్యాధి ఉన్న ప్రాంతాల్లో మాంసం తినేముందు పరీక్ష చేయించమని అధికారులు సలహా ఇస్తారు.

చివరి సాయంత్రం

ఇప్పుడు ఒక వేటగాణ్ణి ఊహించుకోండి. అతను లాటరీలో చీటీ కోసం ఏళ్ల తరబడి ఎదురు చూశాడు. తొమ్మిదో రోజు పొద్దు వాలుతోంది. ఆరు కొనల కొమ్ములున్న పోతు మైదానం అంచున నిలబడి కూసింది. దూరం 150 మీటర్లు. దగ్గరకు పోవటానికి చాటు లేదు, గాలి కూడా అటే తిరుగుతోంది. అతని హద్దు 90 మీటర్లు. ఏం చేయాలి?

ఏప్రిల్‌లో మొదలుపెట్టిన లెక్కలన్నీ ఒకే జవాబు చెబుతున్నాయి. తుపాకీ దించి, టోపీ తీసేసి, ఇంటికి వెళ్లాలి. ఆ పోతు ఆ రాత్రి మందను కాస్తుంది. దాని పిల్లలు మే నెలాఖరులో, పచ్చిక మొలిచే వేళకు పుడతాయి.

అసలు ఏ జంతువునైనా సరదాకు చంపవచ్చునా అన్న ప్రశ్న అమెరికాలోనూ ఉంది. అందరూ ఒకే జవాబు చెప్పరు. మన దేశం వేటను పూర్తిగా నిషేధించే దారి ఎంచుకుంది. కశ్మీరులోని దాచిగాం అడవుల్లో శరత్కాలంలో హంగుల్ పోతులు కూడా ఇలాగే కూస్తాయి. అవి ఇప్పుడు కొన్ని వందలు మాత్రమే మిగిలాయి. అక్కడ మనవాళ్లు ఒక్కొక్క జంతువునూ లెక్కపెట్టేది చీటీలివ్వటానికి కాదు, ఆ జాతి నిలుస్తుందో లేదో తెలుసుకోవటానికి.

మీరే చేసి చూడండి

1. సెప్టెంబరు 20న గర్భం దాల్చిన పెంటి 250 రోజులకు ఈనితే పిల్ల పుట్టే తేదీ ఏది? మొదటిసారి గర్భం నిలవకపోతే పెంటి దాదాపు 21 రోజులకు మళ్లీ ఎదకు వస్తుంది. అలాంటప్పుడు పిల్ల ఏ తేదీకి పుడుతుంది?

2. 90 మీటర్లకు సరిచేసిన తుపాకీతో 135 మీటర్ల దూరానికి గురిపెడితే గుండు ఎంత కిందుగా పోతుంది? సగటు వేగం సెకనుకు 425 మీటర్లుగా తీసుకోండి.

3. మీ ఊరి గుట్ట మీద గాని, చెరువు గట్టు మీద గాని పెద్దల సాయంతో అగరువత్తి వెలిగించి, తెల్లవారుజామున, మధ్యాహ్నం, సాయంత్రం పొగ ఎటు పోతుందో వారం రోజులు రాసిపెట్టండి. దిశ మారిన వేళ ఏది?